మతచర్చయు మధ్యస్థధర్మమును

(ఒక పట్టణ పఠనమందిరమున జరిగిన సభలో చదివిన ఉపన్యాసపాఠము)



నేటి సాయంకాలము మనము విచారింపదలచిన విషయము చూచుటకు చిన్నది, దిగినకొలది లోతైనది. మతమును గూర్చి నలుగురు కూడి మాటలాడుకొను చోట ఎవరు ఎంతవఱకు మాటలాడవచ్చును? ఆ మాటను ఆపు అధికారము ఎవరికి గలదు? ఏ కారణముచేత, ఏ రీతిని ఆపవలెను? ఇదియే ప్రశ్న. పండితసభలు అరుదైన యీ కాలమున ఈ ప్రశ్న యెందులకని కొందఱు అనుకొనవచ్చును. కాని సభలు అరుదు కాలేదు, అరచేతిలోనికి వచ్చినవి. ప్రతి వీథియందును, ప్రతి కులసంఘమునందును, ప్రతి భక్తబృందమునందును ఒక వాట్సాపు గ్రూపు వెలసినది. అందు పురాణము నడచుచున్నది, ఖండనము నడచుచున్నది, తిట్లును నడచుచున్నవి.

పూర్వము మతచర్చకు మూడు కంచెలుండెడివి. ఒక స్థలమునకు పోవలెను. ఒక సమయమున కూడవలెను. నలుగురి యెదుట తన ముఖము చూపి నోరు విప్పవలెను. నేడు మూడును పడిపోయినవి. ఒక్క గ్రూపునందు 1024 మందిని చేర్చుకొనవచ్చును. అర్ధరాత్రమున నొకడు వ్రాసిన మాట తెల్లవారుసరికి వేయి గడపలు దాటుచున్నది. ఎదుటివాని ముఖము కనబడదు; వాని కంఠము వినబడదు. కావుననే నోరు పెద్దదైనది, చెవి చిన్నదైనది. ఆ గ్రూపును నడుపువానిని జనులు అడ్మిన్ అని పిలుచుచున్నారు. అతడు ఒక వ్రేలి కదలికతో ఎవనినైనను చేర్చుకొనగలడు, ఎవనినైనను తొలగింపగలడు. ఇంతటి యధికారము పూర్వము గ్రామపెద్దలకును అంత సులభముగ లేకుండెను. ఈ యధికారమును నడుపవలసిన ధర్మమేమో మాత్రము అతనికి ఎవరును చెప్పలేదు.

ఈ విషయమున రెండు పక్షములు బయలుదేరినవి. మాట స్వేచ్ఛ జన్మహక్కు గనుక మతచర్చలో ఎవని నోరును మూయరాదనుట మొదటి పక్షము. మతము పవిత్రము గనుక దానిని ప్రశ్నించుట అపచారమనియు, శాంతి కావలెనన్న ప్రశ్నించువానిని వెంటనే తొలగింపవలెననియు రెండవ పక్షము. ఈ రెండును పరస్పరవిరుద్ధములుగ కనబడుచున్నవి. కాని రెండును సభను ఒకే గోతిలో దింపునని మా యభిప్రాయము.

ఏలయన, అడ్డు లేని చోట గెలుచునది సత్యము కాదు, పెద్దనోరు. గౌరవము గల స్త్రీ, సంఖ్యాబలము లేని మతస్థుడు, సంశయమును తీర్చుకొనవచ్చిన విద్యార్థి, వీరు తిట్లు తినుటకిష్టములేక ఒక్కొక్కరుగ మౌనము వహింతురు. ఎవరును వారిని తొలగింపలేదు; అయినను వారు లేరు. ఇక ప్రశ్నను నిషేధించిన చోటనో, తలలూపువారే మిగులుదురు. సభ నిండుగనే యుండును, చర్చ మాత్రముండదు. మొదటి చోట తిట్టు చర్చను చంపినది. రెండవ చోట భయము చంపినది.

కావున మేము నేడు నిరూపింపదలచినది ఒక్కటే. నిగ్రహము మాట తీరునకు వర్తింపవలెను, ప్రశ్నకు వర్తింపరాదు. మాట తీరును అదుపులో నుంచినగాని ప్రశ్నకు స్వేచ్ఛ దొరకదు. ప్రశ్నను అదుపులో నుంచిన నాడు ఆ సభ సభ కాదు.

ఇది మేము కల్పించిన మాట కాదు. మన యాంధ్రభూమిపైననే రాతియందు చెక్కబడియున్నది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి చెంత కొండరాళ్లపై అశోకచక్రవర్తి శాసనములు గలవు. ఇరువదిరెండు శతాబ్దములకు పైగా ఎండకు వానకు నోర్చి నిలిచియున్న యా శిలలు గత శతాబ్దమున గాని పండితలోకమునకు తెలియవచ్చినవి కావు. అశోకుని పదునాలుగు ప్రధాన శిలాశాసనములును అచ్చట గలవు. వానిలో పండ్రెండవది మన విషయమునకు సాక్షాత్తుగ సంబంధించినది.

ఆ శాసనమున రాజు చెప్పిన దాని తాత్పర్యమిది: సకలమతములవారిని, సన్న్యాసులనైనను గృహస్థులనైనను, తాను గౌరవించుచున్నాడు, దానములకంటె, పూజలకంటె అన్నిమతముల సారము వృద్ధిపొందుటయే గొప్పదని యెంచుచున్నాడు, ఆ వృద్ధికి మూలము వాగ్గుప్తి, అనగా మాటను కాపాడుకొనుట. సందర్భము లేనిదే తన మతమును పొగడరాదు, పరమతమును నిందింపరాదు. సందర్భము వచ్చినను తేలికగ, మితముగ పలుకవలెను. తన మతముపైని భక్తిచేత పరమతమును దూషించువాడు వాస్తవమున తన మతమునకే హాని చేసినవాడగును. ఒకరి ధర్మమును ఒకరు వినవలెను. అందఱును బహుశ్రుతులు కావలెను.

ఈ మాటలను మరియొకసారి తూచి చూడుడు. విమర్శ చేయవద్దని రాజు చెప్పలేదు. సందర్భము లేక చేయవద్దనెను. సందర్భము కలిగిన మితముగ చేయుడనెను. అనగా విమర్శకు స్థానమున్నది, దానికి తూకమున్నది. మఱియు మౌనమును ఆయన ఆదర్శముగ చెప్పలేదు. వినికిడిని ఆదర్శముగ చెప్పెను. మాటను కాపాడుకొనుట యెందులకు? ఎదుటివాని మాట చెవిని పడుటకు. చేతిలో దండము గల చక్రవర్తి యైయుండియు ఈ శాసనమున మితిమీరి మాటలాడినవానికి ఏ శిక్షయు విధింపలేదు. ధర్మమహామాత్రులు మొదలగు అధికారులను ఈ కార్యమునకై నియమించితినని మాత్రము చెప్పెను.

రాజు నీతిని చెప్పెను. దానిని నడుపు పద్ధతిని మన తార్కికులు చెప్పిరి. గౌతముని న్యాయసూత్రములు చర్చను మూడు తెగలుగ విభజించినవి. ఉభయులును తత్త్వమును తెలిసికొనగోరి ప్రమాణతర్కములతో చేయునది వాదము. గెలుపే గుఱిగా, మాటల మాయలను గూడ ఆశ్రయించి చేయునది జల్పము. తనకొక పక్షము నిలుపుకొనక ఎదుటివాని పక్షమును కూల్చుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. నేటి గ్రూపులలో నడచుచున్న దానికి ఈ మూడింటిలో ఏ పేరు తగునో శ్రోతలే నిర్ణయింపవచ్చును.

అంతటితో వారు ఆగలేదు. వాది యెచ్చట ఓడినట్లో తెలుపుటకు ఇరువదిరెండు నిగ్రహస్థానములను లెక్కించిరి. వానిలో కొన్నింటిని ఉదాహరింతము. ప్రస్తుతవిషయమును విడిచి మరియొక దానిని పట్టుకొనుట అర్థాంతరము. అవసరము లేక చెప్పినదే చెప్పుట పునరుక్తము. సభకు తెలిసియుండి, మూడు మారులు చెప్పబడినను ఎదుటివాని మాటను తిరిగి చెప్పలేకపోవుట అననుభాషణము. తన పక్షముపై మోపబడిన దోషమును పరిహరింపక, ఆ దోషము నీ పక్షమునందును గలదని యెదురుమోపుట మతానుజ్ఞ. అట్లు మోపినవాడు తన దోషమును ఒప్పుకొన్నట్లేయని వారి నిర్ణయము. మీ మతములో మాత్రము లేదా యని నేడు గంటకొకసారి వినబడు కేక మతానుజ్ఞ గాక మరేమి? ఉదయము పంపినదానినే సాయంకాలము మరల పంపుట పునరుక్తము గాక మరేమి?

ఇందు మేము ముఖ్యముగ గమనింపగోరునది వేరొకటి గలదు. ఈ యిరువదిరెండింటిలో నా దైవమును గూర్చి అప్రియమైన ప్రశ్న వేసితివి యను నిగ్రహస్థానము లేదు. ఈశ్వరుడు గలడని నైయాయికులును, లేడని బౌద్ధులును శతాబ్దములతరబడి వాదించుకొనిరి. ఈశ్వరుడు లేడనుట నేరమని నైయాయికులు సభ ముగింపలేదు, హేతువు చెప్పుమనిరి. ప్రతిపక్షమును ముందుగ పూర్వపక్షముగ నిలిపి, పిమ్మట ఖండించుట మన శాస్త్రగ్రంథముల పద్ధతి. పదునాలుగవ శతాబ్దమున మాధవాచార్యుడు రచించిన సర్వదర్శనసంగ్రహము వేదమును నిరాకరించు చార్వాకమతముతోనే ప్రారంభమగుచున్నది. నాస్తికునకు మొదటిపీట వేసి వాని వాదమును వినిపించిన గ్రంథకర్త వైదికుడే. అట్టి పూర్వుల సంతతియని చెప్పుకొను మనము ఒక ప్రశ్నకు బెదరి ప్రశ్నించినవాని పేరు కొట్టివేయుట ఏ సంప్రదాయము?

సభలో ప్రశ్నకు గల గౌరవమునకు బృహదారణ్యకోపనిషత్తులోని జనకుని సభ యొక గొప్ప నిదర్శనము. గార్గి యాజ్ఞవల్క్యుని ప్రశ్నించుచు, ఇది దేనియందు ఓతప్రోతమై యున్నదని ఒక లోకమునుండి మరియొక లోకమునకు పోయి బ్రహ్మలోకమువఱకు చేరెను. అప్పుడు యాజ్ఞవల్క్యుడు, అతిప్రశ్న చేయకుము, తల పడిపోవునని హెచ్చరించెను. గార్గి ఊరకుండెను. కథ ఇంతటితో ముగిసిన యెడల మతసభలలో ప్రశ్నను అణచువారికి అది గొప్ప ఆధారమై యుండెడిది. కాని ముగియలేదు. కొంతసేపటికి గార్గి మరల లేచి సభలోని బ్రాహ్మణులనుద్దేశించి, ఇతనిని ఇంక రెండు ప్రశ్నలడిగెదను, వానికి బదులు చెప్పగలిగిన యెడల మీలో నెవరును ఇతనిని గెలువలేరని పలికెను. అడుగుమని సభ యనుజ్ఞ నిచ్చెను. ఆ రెండు ప్రశ్నలను ఆమె వీరుని చేతిలోని రెండు బాణములతో పోల్చెను. ప్రత్యుత్తరము విన్న పిమ్మట ఆమెయే లేచి యాజ్ఞవల్క్యునకు నమస్కరింపుడని సభకు చెప్పెను.

ఇందు నేర్వవలసినది చాల గలదు. మొదట ఆమెను ఆపినవాడు ప్రతివాది, వాదమున పాల్గొనుచున్నవాడు. ఆమెకు మరల మాట నిచ్చినది సభ. ప్రతివాదియే మధ్యస్థుడైన చోట గార్గికి రెండవ యవకాశముండెడిదా? మఱియు ఆమె ప్రశ్న బాణమువలె వాడియైనది. మాట మాత్రము మర్యాద తప్పలేదు. వాడితనమును మర్యాదకు విరోధిగ నెంచుట మన కాలపు భ్రమ.

మధ్యస్థుడు ప్రతివాదియైన సభ గతి యెట్టిదో అక్బరు పాదుషా చరిత్రయందు చూడనగును. ఆయన 1575వ సంవత్సరమున ఫతేపూర్ సిక్రీయందు ఇబాదత్‌ఖానా యను మందిరమును మతచర్చకై కట్టించెను. చర్చ ఆరంభము కాకమునుపే పీటల తగవు వచ్చెను. ఎవరు ఎవరికంటె పైన కూర్చుండవలెనని విద్వాంసులు పోట్లాడుకొనగా, పాదుషా ఒక్కొక్క తెగవారికి ఒక్కొక్క దిక్కు ఏర్పఱచెను. పిమ్మట వాదములు కేకలైనవి. వ్యర్థముగ మాటలాడువాని పేరు చెప్పిన వానిని లేపి పంపెదనని పాదుషా ఆస్థానచరిత్రకారుడగు బదాయూనీతో ననగా, అట్లైన చాలమంది లేవవలసివచ్చునని ఆయన ప్రక్కవానితో మెల్లగ ననెనట. కొన్నాళ్లకు ఇతర మతములవారికిని ఆ మందిరమున ప్రవేశము కలిగినది. ఇంతవఱకు అక్బరు సభామధ్యస్థుడు. 1579లో, విద్వాంసుల మధ్య భేదాభిప్రాయము వచ్చినపుడు నిర్ణయించు అధికారము పాదుషాదేయని ఒక పత్రముపై సంతకములు చేయించుకొనెను. ఆ పత్రముతో ఆయన మధ్యస్థుని పీఠమునుండి తీర్పరి పీఠమునకు ఎక్కెను. తగవులాడువారిని శాంతపఱచుట వేఱు. ఏది సత్యమో తానే తేల్చుట వేఱు. రెండవది మధ్యస్థుని పని కాదు.

పాళీభాషయందలి మిళిందపన్హములో ఈ భేదమును నాగసేనుడను భిక్షువు ముందుగనే తెలిపియున్నాడు. మిళిందమహారాజు చర్చింప బిలువగా, మీరు పండితులవలె చర్చించిన చర్చింతును, రాజులవలె చర్చించిన చర్చింపననెను. భేదమేమని రాజడిగెను. పండితుల చర్చలో ముడి వేయుటయు విప్పుటయు నుండును, ఓటమి యుండును, కోపముండదు. రాజుల చర్చలో కాదన్నవానికి దండన యుండునని భిక్షువు బదులు చెప్పెను. రాజు పండితచర్చకే యొప్పుకొనెను. మతచర్చను గూర్చి రాజ్యాధికారము నేర్వవలసిన మొదటి పాఠమిదియేయని మా నమ్మకము.

ఇక మన కాలపు రాజ్యము సంగతి. 1924లో లాహోరునందు ఇస్లాము ప్రవక్త జీవితమును అపహసించుచు రంగీలా రసూల్ అను చిన్న పుస్తకము వెలువడెను. ప్రకాశకునిపై నేరము మోపబడెను. కాలగతి చెందిన మతప్రవక్తను దూషించుటకు అప్పటి సెక్షను వర్తింపదని 1927లో లాహోరు హైకోర్టు అతనిని విడిచిపెట్టెను. దేశమున అలజడి చెలరేగినది. అదే సంవత్సరమున ఇండియన్ పీనల్ కోడునకు 295ఏ సెక్షను చేర్చబడెను. అయినను 1929 ఏప్రిలులో ఆ ప్రకాశకుడు తన దుకాణమందే పొడిచి చంపబడెను. చంపినవాడు ఆ సంవత్సరమే ఉరితీయబడెను. కొత్త చట్టము రెండు సంవత్సరములుగ నున్నను ఆ రెండు ప్రాణములను కాపాడలేకపోయినది.

ఆ బిల్లుపై శాసనసభలో చర్చ జరిగినపుడు, చరిత్రను వ్రాయువారిని, సత్యమును వెదకువారిని, మతమును నిజాయితీతో విమర్శించువారిని ఈ చట్టము తాకరాదని మహమ్మదాలీ జిన్నా హెచ్చరించెను. బుద్ధిపూర్వకమైన ద్వేషముతో మతభావములను రెచ్చగొట్టుటయే నేరమని సెక్షనులో గలదు. 1957లో సుప్రీముకోర్టు ఆ సెక్షనును నిలుపుచు, మతమునకు కలిగిన ప్రతి యవమానమును అది శిక్షింపదనియు, ద్వేషబుద్ధితో చేసిన తీవ్రమైన దూషణమునే శిక్షించుననియు తేల్చెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ విధియే 299వ సెక్షనుగ నిలిచియున్నది. మూడు సంవత్సరములవఱకు శిక్ష గలదు. మన రాజ్యాంగము 19వ అధికరణమున వాక్స్వాతంత్ర్యమును ఇచ్చి, ప్రజాశాంతి, సభ్యత, పరువునష్టము మొదలగు కారణములపై సమంజసమైన నిబంధనలు విధింపవచ్చునని చెప్పినది. మనస్సు నొచ్చుట యనునది ఆ జాబితాలో వేరుగ లేదు.

మనస్సు నొచ్చుటయే కొలత యైన చట్టమును గూడ దేశము చవిచూచినది. సమాచార సాంకేతిక చట్టములోని 66ఏ సెక్షను చిరాకు, అసౌకర్యము కలిగించు సందేశములను గూడ నేరముగ జేసినది. అట్టి మాటలకు హద్దు లేదనియు, చర్చించుట, ఒక పక్షమును సమర్థించుట వేఱు, నేరమునకు పురికొల్పుట వేఱనియు చెప్పి, 2015 మార్చి 24న సుప్రీముకోర్టు ఆ సెక్షనును కొట్టివేసినది. సభ్యుడు వ్రాసిన మాటకు అడ్మిన్‌ను, అతని పాత్ర లేనప్పుడు, నేరస్థుని చేయరాదని 2021లో బొంబాయి హైకోర్టును, 2022లో కేరళ హైకోర్టును నిర్ణయించినవి.

ఈ చరిత్రనుండి తేలునదేమి? చట్టము నేరమును మాత్రము పట్టుకొనగలదు. అమర్యాదను పట్టుకొనలేదు, పట్టుకొనరాదు. ఇల్లు అంటుకొన్నప్పుడు అగ్నిమాపకయంత్రమును పిలువవలసినదే. పొయ్యిమీది పాలు పొంగినప్పుడు పిలిచినచో వంటయిల్లు కొట్టుకొనిపోవును. హింసకు పురికొల్పుటకును, కేవలము మొరటుతనమునకును నడుమ గల విశాలమైన ప్రదేశమును పాలించుకొనవలసినవారము మనమే. పరులు మనలను పాలించుట కూడదని పోరాడిన జాతి తన నాలుకను పాలించుటకు పోలీసువానిని పిలుచుకొనుట సిగ్గు గదా! తన్ను తాను పాలించుకొనుటయే స్వరాజ్యమైనచో, వాక్కునందును స్వరాజ్యము కావలెను.

ఇచ్చట ఒక యాక్షేపము వచ్చును. గ్రూపు మాది, ఇల్లు మాది. మా యింట ఎవరు మాటలాడవలెనో మేము నిర్ణయించుకొనరాదా యని అడుగుదురు. నిర్ణయించుకొనవచ్చును. భజన చేసికొనుటకు కూడినవారు చర్చలు వద్దనుట తప్పు కాదు. రంజాను ఉపవాసవేళలు తెలుపుకొనుటకో, ఆదివారపు ప్రార్థనకో ఏర్పడిన గ్రూపున ఖండనవాదము వినుటకు ఎవరును బద్ధులు కారు. సర్వమతములకు వాగ్గుప్తిని బోధించిన అశోకుడే సాంచి, సారనాథ శాసనములలో సంఘమును చీల్చు భిక్షువునకు తెల్లబట్టలు కట్టించి వెలుపల నుంచవలెనని చెప్పెను. వ్రతము పట్టి చేరిన సంఘమునకు ఒక నీతి. పదిమంది కూడు సభకు మరియొక నీతి. కాని పేరు చర్చావేదిక, లోపల నడచునది భజన యైనచో అది వంచన. తలుపుపై ఏమి వ్రాసితిమో లోపల అదియే నడపవలెను.

రెండవ సంగతి, తొలగించుట చిన్నమాట కాదు. ఊరివారందఱును, బంధువులందఱును ఒకే గ్రూపున నున్నపుడు అందుండి తీసివేయబడినవానికి పెండ్లికబురు తెలియదు, చావుకబురు తెలియదు. మన పల్లెలలో దీనికొక పాతపేరు గలదు. దానిని వెలి యందురు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించినపుడు ఆ కార్యమునకు తోడ్పడినవారిపై ప్రయోగింపబడిన ఆయుధము ఇదియే. ఆయన పరమతస్థుడు కాడు. శాస్త్రవాక్యములను చూపియే వాదించినవాడు. నేడాయన మన భక్తబృందములలో ఏ యొక్కదానియందైనను సభ్యుడై యున్న యెడల ఎన్నిదినములు నిలువనిచ్చెదరు? ఈ ప్రశ్నకు ప్రతి అడ్మినును తన మనస్సులో బదులు చెప్పుకొనవలెను. మతమునకు బయటివాడు చేయు దూషణము మతమును చంపదు. లోపలివాడు వేయు ప్రశ్నను వినకపోవుట దానిని ఎండజేయును. కఠినమైన మధ్యస్థ్యమునకు మొట్టమొదట బలియగువాడు ఎల్లప్పుడును ఆ లోపలివాడే.

అట్లైన మధ్యస్థుని ధర్మమేమి? మాకు తోచినవి మనవి చేసెదము.

మొదటిది, నియమములు ముందుగ తెలియవలెను. తప్పు జరిగిన పిమ్మట పుట్టిన నియమము నియమము కాదు, పగ. చేరినవానికి మొదటి దినముననే నాలుగు పంక్తులలో చెప్పవలెను.

రెండవది, నియమము మాట తీరును గూర్చి యుండవలెను. సిద్ధాంతమును గూర్చి యుండరాదు. మనుష్యుని కులమును, స్త్రీని, తల్లిదండ్రులను ఎత్తి తిట్టరాదనుట నియమము. అవతారములున్నవా, ఖురాను దైవవాక్యమా, బైబిలు కథలు చరిత్రయా యని అడుగరాదనుట నియమము కాదు, గోడ. మనుష్యునిపై పడు మాటకును, మతముపై పడు మాటకును గల భేదమును మధ్యస్థుడు నిద్రలోనైనను మఱువరాదు.

మూడవది, కొన్నింటికి వాయిదా లేదు. చంపుమనుట, కొట్టుమనుట, ఫలానావారి దుకాణమునకు పోవలదనుట, ఒకని యింటి చిరునామాను పదిమందికి చాటుట, నిజానిజములు విచారింపక అల్లరిచిత్రములను పంపుట, వీనిని చూచిన క్షణముననే తీసివేయవలెను. పుకార్లచేత మనదేశమున మనుష్యులు చంపబడిన పిమ్మట, 2018లో ఆ సంస్థయే ఒక సందేశమును ఒక్కమారు అయిదుచోట్లకు మించి పంపుటకు వీలులేకుండ జేసినది. యంత్రము వేసిన ముడికి మనుష్యుడు తన బుద్ధిని తోడుచేయవలెను.

నాలుగవది, కొలబద్ద యొక్కటే యుండవలెను. పరమతస్థుని పరిహాసమును క్షణములో తుడిచి, తనవాని పరిహాసమునకు తాను నవ్వు గుర్తు పెట్టు అడ్మిన్ మధ్యస్థుడు కాడు. తనవానిని ముందు మందలింపవలెను. అప్పుడే పరాయివానికి అతని మాటపై గుఱి కుదురును.

అయిదవది, తాను వాదమున దిగినప్పుడు పీఠము దిగవలెను. గార్గి కథయు అక్బరు కథయు దీనినే చెప్పుచున్నవి. తన వాదమునకు బదులు చెప్పినవానిని తానే తొలగించుట ఆటగాడే బంతిని దాచుకొనుట వంటిది. అట్టివేళ మరియొకనికి ఆ పని యప్పగింపవలెను.

ఆఱవది, హెచ్చరిక, కారణము, గడువు, ఈ మూడును లేక ఎవనిని తొలగింపరాదు. తొలగించినవానికి మరల వచ్చుటకు ఒక దారి యుంచవలెను. దోషము లేని చోట దోషము మోపుటయు ఒక నిగ్రహస్థానమేయని గౌతముడు లెక్కించియున్నాడు. దాని పేరు నిరనుయోజ్యానుయోగము. మధ్యస్థుడు గూడ ఓడవచ్చునని దీని భావము.

సభ్యునకును ఒక ధర్మము గలదు. ఖండించుటకు ముందు ఎదుటివాని మాటను, అతడు ఔనని యొప్పుకొనునట్లు, తన మాటలలో చెప్పి చూపవలెను. అననుభాషణమును నేటి గ్రూపులయందు ఓటమిగ నెంచు ఆచారము పెట్టిచూడుడు; సగము తగవులు పుట్టకయే పోవును. మిగిలిన సగము వాదములగును.

పరిహాసము మాటయేమని మీరు అడుగవచ్చును. వేమన రాళ్లకు మ్రొక్కువారిని, వేషధారులను ఎంత నవ్వులపాలు చేసెను! వేమనను గ్రూపునుండి తీసివేయుదుమా? తీసివేయరాదు. ఎందువలన? ఆయన పరిహాసము డాంబికముపైన, అన్ని పక్షముల డాంబికముపైనను. బలహీనుని పుట్టుకను నవ్వుట వేఱు, బలవంతుని కపటమును నవ్వుట వేఱు. ఈ రెంటిని వేఱుచేయుటకు యంత్రము చాలదు, సెక్షను చాలదు; వివేకము గల మనుష్యుడు కావలెను. అతడు కొన్నివేళల పొరబడును. పొరబడినప్పుడు దిద్దుకొనుటకు వీలుగ సభ యెదుట కారణము చెప్పువాడైన చాలును.

సోదరులారా! ఈ పట్టణమున గుడిగంటయు, అజానును, చర్చిగంటయు ఒకే గాలిలో కలిసి వినబడుచున్నవి. ఉదయము ఒకే బజారులో కూరలు కొనుచున్నాము. రాత్రి వేఱువేఱు గ్రూపులలో కూర్చుండి ఒకరినొకరము గూర్చి వినరాని మాటలు వినుచున్నాము. పగటి మర్యాదను రాత్రి మాటలు కొంచెము కొంచెముగ కొఱికివేయుచున్నవి. ఏదో యొకనాడు ఒక పండుగ ఊరేగింపునాడు ఆ కొఱికిన త్రాడు తెగును. తెగిన పిమ్మట పోలీసులు వత్తురు, సెక్షనులు వచ్చును, కోర్టులు వచ్చును. పగటి మర్యాద మాత్రము రాదు.

మీలో పెక్కుమంది చేతులలో అట్టి గ్రూపు ఒకటైనను గలదని మేమెఱుగుదుము. నడుపువారు నాలుగు నియమములు వ్రాసి రేపే అందఱికి తెలుపుడు. తిట్టినవాడు మీవాడే యైనను ఆపుడు. ప్రశ్నించినవాడు పరాయివాడే యైనను ఉండనిండు. తొలగించినవారిలో ప్రశ్నకొఱకే తొలగింపబడినవారు ఎవరైన నున్నచో వారిని మరల పిలువుడు. బదులు తెలియని ప్రశ్నకు బదులు తెలియదని చెప్పుట భక్తికి లోపము కాదు; దానికి భయపడి తలుపు మూయుటయే లోపము.